క్లచ్ పెడల్ లేని బండిలో క్లచ్ కాల్చిన డ్రైవరు

2021 అక్టోబరులో అబూధాబీలోని మా కంపెనీ నన్ను ముసఫా వర్క్‌షాపు నుంచి ఐకాడ్ డిపోకి మార్చింది. హోదా ఫ్లీట్ ఇంజనీరు. అంటే బండ్లు విప్పి బాగుచేసే పని కాదు. ఏ బండి కొనాలి, ఎన్నేళ్ళు నడపాలి, ఎప్పుడు అమ్మేయాలి అన్నది చెప్పే పని. మాది ఉద్యోగుల్ని డ్యూటీలకు చేరవేసే కంపెనీ. మఫ్రఖ్ వైపు క్వార్టర్లలో ఉండే నర్సులను అబూధాబీ ఊళ్ళోని ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళి, డ్యూటీ దిగినవాళ్ళను వెనక్కి తేవడం మా కాంట్రాక్టుల్లో పెద్దది. పాత వ్యాన్లు అరిగిపోయాయి. కొత్తగా కొనేవి అమెరికావా, యూరప్‌వా అన్నది తేల్చమని నన్ను పంపారు. ఒక్కో రకానివి రెండేసి తెప్పించి, ఒకే రూటులో, ఒకే డ్రైవర్లతో చలికాలమంతా నడిపి రిపోర్టు ఇవ్వాలి.

మా వృత్తిలో ఇది అందరికీ దొరికే అదృష్టం కాదు. అమెరికాలో పనిచేసే ఇంజనీరుకి తన దేశపు బండే లోకం. యూరప్ వాడికీ అంతే. మనవాళ్ళు దుబాయ్ దేశం అనే ఎమిరేట్స్‌లో రెండూ ఒకే రేకుల షెడ్డు కింద పక్కపక్కన నిలబడతాయి. నేను కాకినాడలో పాలిటెక్నిక్ చదివిన రోజుల్లో పుస్తకంలో బొమ్మలుగా చూసిన గేర్‌బాక్సులు రెండూ నా కళ్ళ ముందు పోటీకి దిగాయి. యాభై దాటిన ఆ వయసులో కూడా మొదటి వారమంతా నాకు నిద్ర సరిగా పట్టలేదంటే నమ్మండి.

అమెరికా వ్యాను కింద ఉండేది లారీ లాంటి చాసిస్. పెద్ద పెట్రోలు ఇంజను, లాగుడు వెనక చక్రాలకు. లోపలికి వెళ్ళాలంటే నడుం వంచాలి. డోరు వేస్తే ఇనప్పెట్టె మూసిన చప్పుడు. దాని గొప్పతనమంతా గేర్‌బాక్సులో ఉంది. ఇంజనుకీ గేర్లకీ మధ్య ఇనుము ఇనుమును పట్టుకోదు, మధ్యలో నూనె ఉంటుంది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే దాని గాలికి రెండోది తిరిగినట్టు, ఇక్కడ గాలికి బదులు నూనె తిప్పుతుంది. ఆ అమరికని టార్క్ కన్వర్టర్ అంటారు. అరగడానికి అక్కడ ప్లేటు లేదు. ఎత్తు మీద యాక్సిలేటర్ కొంచెం తొక్కి పట్టుకుంటే బండి వెనక్కి జారకుండా, ముందుకి పోకుండా అలాగే నిలబడుతుంది. నూనె కాస్త వేడెక్కుతుంది, అంతే. చవక పెట్రోలు, తిన్నని రోడ్లు ఉన్న దేశం వాళ్ళు డ్రైవరుకి శ్రమ లేకుండా ఎంత ఓపిగ్గా ఆలోచించారో అనిపించింది.

యూరప్ వ్యాను తీరే వేరు. చిన్న డీజిల్ ఇంజను, అదీ అడ్డంగా, లాగుడు ముందు చక్రాలకు. అందువల్ల నేల కిందికి దిగింది, కప్పు పైకి లేచింది. ఆరడుగుల మనిషి తల వంచకుండా చివరి సీటుదాకా నడిచి వెళ్ళచ్చు. డీజిల్ తాగే తీరు చూస్తే పిసినారి అని ముద్దుగా తిట్టాలనిపిస్తుంది. మేం తెప్పించిన మోడల్లో గేర్‌బాక్సు మామూలు చేతి గేర్లదే, క్లచ్ ప్లేటుతో సహా. కాకపోతే క్లచ్ తొక్కేది మన కాలు కాదు, లోపలున్న ఒక చిన్న పంపు. గేరు మార్చేది మన చెయ్యి కాదు, ఇంకో పంపు. రెండింటికీ హుకుం ఇచ్చేది అరచేతిలో పట్టే కంప్యూటరు. ఉన్న గేర్‌బాక్సునే ఉంచి, డ్రైవరు చేతినీ కాలినీ మాత్రం తప్పించారు. ఇరుకు సందులు, ఖరీదైన ఇంధనం ఉన్నచోట పుట్టిన తెలివి అది.

అయితే రెండు బండ్లకీ కింద రెండే పెడళ్ళు. రెండింటి గేరు రాడ్డు మీదా ఆటోమేటిక్ అన్న గుర్తే. డ్రైవర్లు ఉండే క్యాంపులో రెండింటికీ ఒకటే పేరు, ఆటో. ఆ దేశంలో డ్రైవింగ్ లైసెన్సు కూడా రెండు రకాలే. గేరు లైసెన్సు, ఆటో లైసెన్సు. మా డ్రైవర్లలో ఎక్కువమందిది ఆటో లైసెన్సు. అమ్మిన ఏజెన్సీ మనిషి బండి అప్పగించేటప్పుడు చెప్పింది కూడా ఒక్క ముక్కే, ఇది కూడా ఆటోయే, మీ వాళ్ళకి కొత్తేమీ కాదు అని.

ఆ రూటులో ముఖ్యమైన డ్రైవరు లింబాద్రి. నిజామాబాద్ జిల్లా మనిషి, నలభై దాటాయి. కరోనా రోజుల్లో కంపెనీ జీతం లేని సెలవు మీద ఇంటికి పంపితే, ఇంట్లో కూర్చుని రోజూ ఫోన్లు చేసి, ఎలాగో మళ్ళీ పిలిపించుకుని వచ్చాడు. అమెరికా వ్యాన్లే నడిపి నడిపి చేయి తిరిగినవాడు. ఎక్కడా గీత పడని బండి ఏదంటే అందరూ లింబాద్రి బండే చూపించేవారు. అందుకే కొత్త యూరప్ వ్యాను అతనికి ఇచ్చాం.

నెల తిరక్కముందే ఆస్పత్రి బేస్‌మెంటు నుంచి పైకి వచ్చే ర్యాంపు మీద ఆ బండి నిలిచిపోయింది. క్లచ్ ప్లేటు మాడి మసి. వెనక కార్ల వరస, లోపల నైట్ డ్యూటీ దిగిన నర్సులు, ఒకటే గొడవ. ప్లేటు మార్చాం. కొన్ని వారాలకు అదే ర్యాంపు మీద, అదే డ్రైవరు చేతిలో రెండోది కూడా కాలింది. మిగతా డ్రైవర్ల చేతిలో ఉన్న రెండో యూరప్ బండి ఏ చీకూ చింతా లేకుండా తిరుగుతోంది.

మా ముదీర్, అంటే మేనేజరు, జోర్డాన్ మనిషి, రవాణా విభాగమంతా ఆయన చేతి కింద. మనిషి చెడ్డవాడు కాదు గానీ కోపం వస్తే ఆగడు. ఏజెన్సీ వాళ్ళు ఇది డ్రైవర్ అబ్యూజ్ అని చేతులు దులుపుకున్నారు. బండిని డ్రైవరు మొరటుగా వాడి చెడగొట్టాడని దానర్థం. మా పద్ధతిలో ఆ మాట కింద ఫ్లీట్ ఇంజనీరు సంతకం పడితే డ్రైవరు వీసా క్యాన్సిల్, టికెట్ ఇచ్చి ఇంటికి. ముదీర్ ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, వారం చివరికల్లా సంతకం కావాలి, ఖలాస్, అన్నాడు. కరోనా తర్వాత ఆ వయసు డ్రైవరుకి ఇంకో కంపెనీ వీసా ఇవ్వడమన్నది కల్ల.

లింబాద్రిని పిలిచాను. గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, క్లచ్చే లేని బండిల నేను క్లచ్ ఎట్ల గాలవెడ్త? కాలు వెట్టెతందుకు పెడలన్న ఉండాలె గద! ముదీర్‌కు నువ్వన్న చెప్పు సారూ. గిప్పుడు పోతె మల్ల నన్నెవ్వడు పిలుస్తడు?"

నాకు ఒళ్ళు మండింది. అతని మీద కాదు. బండిలో క్లచ్ ఉందన్న సంగతే చెప్పకుండా, దాన్ని కాల్చావని ఒక మనిషిని ఇంటికి పంపడం ఏం న్యాయం! కానీ కోపంతో రిపోర్టు రాయలేం. మిగతావాళ్ళ చేతిలో కాలనిది ఇతని చేతిలోనే ఎందుకు కాలుతోందో తెలియాలి. అందరిలోకీ మంచి డ్రైవరు చేతిలోనే కాలడమే నాకు మింగుడుపడలేదు.

మర్నాడు పొద్దున్నే అదే రూటుకి అమెరికా వ్యానులో అతని పక్క సీట్లో కూర్చుని వెళ్ళాను. నర్సుల తరఫున వ్యాన్ల టైములు చూసేది ఎస్తేరు అనే సిస్టరు, మా కాకినాడ వైపు అమ్మాయే. సంగతి అప్పటికే ఆమె చెవిన పడింది. డ్యూటీ దిగి ఆస్పత్రి బేస్‌మెంటులో వ్యాను ఎక్కుతూనే నన్ను పట్టుకుంది.

"ఆయన్నేమీ అనకండి సార్. రాత్రంతా నిలబడి డ్యూటీ చేసొస్తాం, సీట్లో కూర్చోగానే నిద్రే. ఆ ర్యాంపు మీద బండి ఆగిందో కదిలిందో కూడా మాకు తెలీదండీ, అంత మెత్తగా తీసుకొస్తారు. మిగతావాళ్ళు అడుగడుక్కీ బ్రేకేసి చంపేస్తారు."

ఆమె అలా అంటుండగానే నాకు సగం అర్థమైంది. ర్యాంపు చివర గేటు. కార్లు ఒకటొకటిగా టికెట్ పెట్టి పోవాలి, వరస అంగుళం అంగుళం కదులుతుంది. లింబాద్రి బ్రేకు మీద కాలే పెట్టలేదు. యాక్సిలేటర్ని వేలిముద్ర వేసినంత తేలిగ్గా తొక్కి బండిని ఎత్తు మీద అలాగే నిలబెట్టాడు. ముందు కారు జరిగితే జరిపాడు, ఆగితే ఆపాడు. వెనక్కి తిరిగి చూశాను. ఒక్క తల కూడా కదల్లేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత చక్కగా బండిని నిలబెట్టిన డ్రైవరుని నేను చూడలేదు, ఆ మాట అతనితోనే అన్నాను.

అయితే నూనె మీద నడిచే బండికే ఆ పని చెల్లుతుంది. యూరప్ బండిలో అదే చేస్తే లోపలి పంపు క్లచ్‌ని సగం పట్టి, సగం వదిలి బండిని మొయ్యాలి. ప్లేటు రాసుకుని రాసుకుని మాడిపోతుంది. మిగతా డ్రైవర్లు మొరటుగా బ్రేకులు తొక్కి నర్సుల తలలు గంగిరెద్దుల్లా ఊపించారు కాబట్టే వాళ్ళ క్లచ్‌లు బతికాయి. మరి ప్లేటు వేడెక్కితే ఆ బండి కూతపెడుతుంది కదా, వినలేదా అని అడిగాను. "విన్న సారూ. ఎన్క ఎవలో బెల్టు వెట్టుకోలేదనుకున్న. నిద్రవోయినోళ్ళను ఎట్ల లేపుదు?" అన్నాడు.

ఇదంతా ముదీర్‌కి చెప్తే వినడని తెలుసు. నూనె, ప్లేటు అంటే అది ఇంజనీర్ల గోల అంటాడు. అందుకని చెప్పలేదు. వారం చివర, సంతకం పెట్టాల్సిన రోజునే, ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కొత్త ప్లేటు వేసిన యూరప్ వ్యాను, నర్సులు ఎక్కని ఖాళీ బండి, తాళాలు ఆయన చేతిలో పెట్టి, ఒక్కసారి మీరే ర్యాంపు ఎక్కించండి అన్నాను. ఆయన ఇంటి బండి పెద్ద అమెరికా జీపు. ఆటోమేటిక్కే కదా, ఇందులో చూసేదేముంది అంటూ చొక్కా చేతులు మడిచి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

వరసలో మా ముందు నాలుగు కార్లు. మొదటిసారి ఆగినప్పుడు బ్రేకు తొక్కాడు. ముందు కారు జరిగాక బ్రేకు వదిలాడు. బండి ఒక్క క్షణం నిలబడి, సర్రున వెనక్కి జారింది. వెనక కారువాడు హారన్ మోత మోగించాడు. ఆయన ఉలిక్కిపడి యాక్సిలేటర్ తొక్కి బండిని నిలబెట్టాడు. ఇక ఆ కాలు తియ్యలేదు. ముందు కార్లు కదిలేదాకా బండిని దాని మీదే పట్టుకున్నాడు. కాసేపటికి కూత మొదలైంది. ముదీర్ వంగి తన సీటు బెల్టు చూసుకున్నాడు. తర్వాత నా బెల్టు చూశాడు. ఈలోగా మాడు వాసన లోపలికి వచ్చింది.

గేటు దాటాక బండి పక్కకు ఆపి, ఏమిటా వాసన అన్నాడు. క్లచ్ కాలుతోంది ముదీర్ అన్నాను. ఆయన కిందికి చూశాడు. కాళ్ళ దగ్గర ఒకటి, రెండు. మళ్ళీ నావైపు తిరిగి, క్లచ్ ఎక్కడుంది, అని అడిగాడు.

ఆ ప్రశ్న నేను అదే వారంలో నిజామాబాద్ యాసలో విన్నాను. లింబాద్రి అడిగింది కూడా ఇదే అని చెప్పాను. క్లచ్ లోపలే ఉందని, దాన్ని తొక్కేది పంపు అని అప్పుడు చెప్తే మొత్తం విన్నాడు.

ఆ తర్వాత ఆయన చేసినదానికి మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఆ హోదాలో ఉన్నవాళ్ళు తప్పు తెలిసినా లోపలే సర్దేస్తారు. ఈయన డిపోకి రాగానే డ్రైవర్లందర్నీ యార్డులో నిలబెట్టి, ఇన్నేళ్ళుగా నేర్చుకున్న హిందీలో, "మేరే సే భీ జల్ గయా, లింబాద్రి కా గల్తీ నహీ" అన్నాడు. నా చేతిలో కూడా కాలింది, తప్పు లింబాద్రిది కాదు అని. కాగితం నా ముందే చింపేశాడు. లింబాద్రి తలకున్న టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత శిక్షణ పెట్టాం. ఎత్తు మీద బ్రేకుతోనే ఆపాలి, ముందు నిండా జాగా దొరికాకే కదలాలి, గేరు మారేటప్పుడు యాక్సిలేటర్ మీద కాలు ఒకింత తేలిక చెయ్యాలి. యూరప్ డ్రైవర్లకి ఇది అలవాటే. లింబాద్రి త్వరలోనే పట్టేశాడు. కొన్నాళ్ళకి ఆ బండిలోనూ నర్సులు నిద్రపోయారు. డ్రైవర్లు దానికి దొంగ క్లచ్ బండి అని పేరు పెట్టుకున్నారు. వర్క్‌షాపు బోర్డు మీద కూడా అదే రాయించాను.

రిపోర్టులో నేను యూరప్ వ్యానునే సిఫారసు చేశాను, కానీ నూనె మీద నడిచే గేర్‌బాక్సు ఉన్న మోడలు. అప్పటికే యూరప్ వాళ్ళు అమెరికా పద్ధతి గేర్‌బాక్సు తమ బండ్లలో పెడుతున్నారు. అమెరికా వాళ్ళు యూరప్ పద్ధతి ఎత్తు కప్పు బండ్లు తమ ఊళ్ళలో తిప్పుతున్నారు. రెండు ఖండాల ఇంజనీర్లూ పట్టుదలకి పోకుండా ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. ఆ పనితనం మీద నా గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

2024లో రిటైరయ్యేదాకా డ్రైవర్ అబ్యూజ్ అన్న మాట కింద సంతకం కోసం నా బల్ల మీదికి ఇంకొన్ని కాగితాలు వచ్చాయి. ప్రతిసారీ ఆ బండి తెప్పించుకుని, ఆ డ్రైవరు సీట్లో కూర్చుని, అతను చెప్పిన దారిలో నడిపి చూశాకే పెన్ను తీశాను. కొన్నిటి మీద సంతకం పెట్టాను, కొన్నిటి మీద పెట్టలేదు. సీట్లో కూర్చోకుండా మాత్రం ఒక్కదాని మీదా పెట్టలేదు.