పేరులోనే జీతం ఉంది

మా అమ్మాయిది ఇక్కడ జర్మనీలో, ఇంగోల్‌స్టాట్‌లో ఏడో తరగతి. రెండు వారాలుగా ఇంట్లో జార్జియా తప్ప మరో మాట లేదు. దాదాపు మూడు వందల ఏళ్ళ కిందట మతం పేరు చెప్పి తరిమేస్తే, ఆల్ప్స్ కొండల నుంచి కొందరు ఓడెక్కి, అమెరికా దక్షిణాన కొత్తగా పెట్టిన జార్జియా వలసరాజ్యానికి పోయారట. అక్కడ మొదట్లో బానిసల్ని ఉంచుకోవడం నిషేధం. వీళ్ళూ మాకు వద్దే వద్దన్నారట. కొన్నేళ్ళకు నిషేధం ఎత్తేస్తే, వద్దన్నవాళ్ళలోనే కొందరు బానిసల్ని కొనుక్కున్నారు. శుక్రవారం తల్లిదండ్రులందరి ముందు నిలబడి తను ఇదంతా చెప్పాలి. ఇక్కడి బళ్ళో దాన్ని రెఫరాట్ అంటారు.

వంకాయలు కోస్తూ నేను నోరు జారాను. పొలాలన్నాక పనికి మనుషులు కావద్దా, మా తాతకూ జీతగాడు ఉండేవాడు అన్నాను, గొప్పగానే. ఏడాది పొడుగునా ఇంట్లోనే ఉండి పొలం పని చేసే మనిషని వివరించాను. ఇక మొదలుపెట్టింది. సెలవుండేదా? ఇష్టం లేకపోతే వెళ్ళిపోవచ్చా? ఎక్కడ పడుకునేవాడు? కొట్టంలో, ఎడ్ల పక్కన అన్నాను.

"బట్ దట్స్ స్లేవరీ, మమ్మీ."

ఒళ్ళు మండింది. "పేరులోనే జీతం ఉన్నది, సరిగ్గ విను" అన్నాను. ఆయనకు ఏమిచ్చారో మాత్రం నాకు తెలియదు. ఇంట్లో మనిషిలాగే చూసుకున్నామని కూడా అన్నాను. జార్జియాలో వాళ్ళూ అలాగే చెప్పుకున్నారంది.

గురువారం చూద్దును కదా, రెఫరాట్ చివర మా తాత చేరిపోయాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ హాల్లో నా ఆఫీసువాళ్ళుంటారు, మన తెలుగువాళ్ళుంటారు, ముఖం ఎక్కడ పెట్టుకోను? ఆ ఒక్క వాక్యం తీసెయ్యమని బతిమాలాను, తర్వాత అరిచాను. తీయనంది. ఆ జీతగాడి పేరు మాత్రం కావాలంది. జార్జియా పాత జాబితాల్లో వలసవాళ్ళకు పేర్లున్నాయట, బానిసల్లో చాలామందికి లేవట. అందుకే తను పేరు పెట్టి చెబుతుందట.

ఊళ్ళో ఉన్న మా అమ్మకు ఫోన్ చేశాను.

"ఏమో బిడ్డా, ఓరీ అనే పిలుస్తుంటిమి గద. అందరం గంతే."

ఆ అందరిలో నేనూ ఉన్నాను. ఎనిమిదేళ్ళ పిల్లను, తాత వయసు మనిషిని ఓరీ అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా శుక్రవారం పొద్దున కూడా ఆ వాక్యం తీసెయ్యమనే అడిగాను.

వెనక వరసలో కూర్చున్నాను. జార్జియా అయిపోయి మా తాత దగ్గరికి వచ్చేసరికి తను ఆగి నా వైపు చూసింది. వద్దని తల ఊపాను. చదివేసింది. పేరు ఇంకా దొరకలేదని కూడా చెప్పింది. ఎవరూ వెనక్కి తిరగలేదు, టీచర్ మాత్రం నన్ను చూసింది. ఆ పెద్దాయనను ఏమని పిలిచేవారని మర్యాదగా నన్నే అడిగింది.

లేచి నిలబడ్డాను. వాగు పొంగితే ఆయనే నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని బడికి దాటించేవాడు, వానాకాలమంతా. ఆయన పేరు నాకు తెలియదన్నాను.