బొట్టు పెట్టని బాణాలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. వయసు అలాంటిది. డిగ్రీ కాగితం చేతికొచ్చిన కొత్తలో ఎవరికైనా అలాగే ఉంటుందనుకుంటాను. తెలియనివన్నీ తర్వాత తీరిగ్గా ఒక్కొక్కటే తెలుస్తాయి. కరోనా కాస్త తగ్గుముఖం పట్టి, మూతికి మాస్కు మాత్రం ఇంకా వదలని కాలం. దుబాయ్ కరామాలో ఒక పాత ఫ్లాట్లో, మంచాలు పంచుకునే ఆడవాళ్ల గదిలో, మా పిన్ని మంచం పక్కన నా మంచం. పిన్ని ఇళ్లల్లో వంట చేసేది. కోనసీమ నుంచి నన్ను రప్పించింది ఆవిడే. నాకు దొరికిన ఉద్యోగం మాత్రం ఎవరికి చెప్పినా ఒక పట్టాన నమ్మేవారు కాదు: అల్ కుసైస్ వైపు విల్లంబులు అమ్మే దుకాణంలో సేల్స్ గర్ల్. దుబాయ్‌లో బంగారం అమ్ముతారని మా అమ్మకు తెలుసు గానీ బాణాలు కూడా అమ్ముతారని తెలియదు. "కొనేవాళ్లెవరే, రాక్షసులా?" అని ఫోన్లో అడిగింది పాపం. (రాక్షసులు కాదు, ఆఫీసుల్లో పనిచేసే మర్యాదస్తులే. సాయంత్రం వచ్చి అట్టముక్క మీద బాణాలేసి, మనసు తేలికపడి ఇంటికి పోయేవారు.)

నన్ను ట్రయల్ మీద తీసుకున్నారు. ట్రయల్ అయ్యేలోపు ముదీర్, అంటే మా మేనేజరు, సరేనంటే వీసా కొట్టిస్తారు. లేదంటే ఖలాస్. ఖలాస్ అయితే నా కోసం ఇంకో పని సిద్ధంగానే ఉంది: పిన్నికి తెలిసిన ఒక మేడమ్ ఇంట్లో పగలూ రాత్రీ అక్కడే ఉండి పిల్లల్ని చూసుకోవడం. ఆ మేడమ్ చెడ్డదేం కాదు, తిండికి లోటుండదు, కానీ ఆ ఇంటి గేటు దాటాలంటే ఆవిడ దయ ఉండాలి. ఒకసారి పిన్నితో వెళ్లి ఆ గేటు చూసి వచ్చాను. ఆ పూట అన్నం సయించలేదు. అంచేత ఈ బాణాల కొట్టు ఉద్యోగం నిలబెట్టుకోవడానికి నేను ఎంతకైనా తెగించేదాన్ని.

మా ముదీర్‌ది కరాచీ. మంచివాడే, కాకపోతే తొందర మనిషి. టీ కూడా చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునేవాడు. ఆయన నాకు నేర్పిన విద్య ఒక్కటే: వేగం అమ్ము. అప్పుడే కొత్తగా తేలికరకం బాణాలు పెట్టెలకు పెట్టెలు దిగాయి. చేత్తో పట్టుకుంటే ఉందో లేదో తెలియనంత తేలిక. "జిత్నా హల్కా, ఉత్నా తేజ్! జిత్నా తేజ్, ఉత్నా అందర్!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పమన్నాడు. ఎంత తేలికైతే అంత వేగం, ఎంత వేగమైతే అంత లోతు. నాకూ అది సబబుగానే తోచింది. దుకాణం వెనక బాణాలు వేసి చూసుకునే సందులో వేగం చూపించే మిషనొకటి ఉండేది. తేలిక బాణం దాని మీదుగా దూసుకెళ్లి పెద్ద అంకె వెలిగిందంటే చాలు, కొనేవాడి కళ్లు మాస్కు పైనుంచి నవ్వేవి. ఆ బాణం దిమ్మలో ఎంతవరకు దిగిందో వంగి చూసిన నాథుడు లేడు, నాతో సహా. ఇక అడుగు అరలో పాతరకం బరువు బాణాలు కొన్ని దుమ్ము కొట్టుకుని ఉండేవి. కాడ మందం, ముందు ఇత్తడి బరువు, దాని కొసన ములికి. ముదీర్ వాటిని "సరియా" అనేవాడు, అంటే స్లాబులోకి వేసే ఇనపచువ్వలని. నేనూ అలాగే వెక్కిరించేదాన్ని.

అలాంటి రోజుల్లో డేగబాబా వచ్చాడు. పేరు అది కాదనుకోండి. ఇంట్లో డేగల్ని పెంచే పెద్దమనిషి కాబట్టి మేం పెట్టుకున్న పేరు. ఇక్కడివాడే, కాళ్ల దాకా తెల్లటి కందూరా, తెల్లటి గడ్డం, దుకాణాల్లో మాట్లాడీ మాట్లాడీ అబ్బిన హిందీ. ఇక్కడ వేట నిషేధం గనక ఏటా అనుమతి తీసుకుని ఆఫ్రికా వెళ్లి విల్లుతో వేటాడేవాడు. కిందటిసారి ఏమైందో ఆయనే చెప్పాడు. ఎక్కడో కొన్న తేలిక బాణంతో ఒక పెద్ద జింకను కొడితే అది భుజం ఎముకకు తగిలి పైపైనే ఆగిపోయిందట. జింక ఆ బాణంతోనే పొదల్లోకి పారిపోయింది. చీకటి పడేదాకా వెతికినా దొరకలేదట. "సిస్టర్, నేను చంపడానికే వెళ్లాను, అబద్ధం చెప్పను. కానీ దాన్ని అలా బాధపెట్టడానికి వెళ్లలేదు. ఈసారి బాణం లోపలికి దిగాలి. దిగకపోతే అసలు వెయ్యను," అన్నాడు. ఆయనకూ, అన్నదమ్ములకూ, స్నేహితులకూ కలిపి బాణాలు కావాలి. ముదీర్ నన్ను పక్కకు పిలిచి, ఈ పార్టీ కుదిరితే నీ వీసా నేను దగ్గరుండి కొట్టిస్తానన్నాడు. కుదరకపోతే ఏమిటో చెప్పకుండా రెండు చేతులూ దులుపుకున్నాడు. నాకు ఆ గేటు కళ్ల ముందు కనబడింది.

డేగబాబా వస్తానన్నది దసరా మర్నాడు. మా నాన్న వడ్రంగి. దసరానాడు మా ఇంట్లో ఉలి, బాడిస, రంపం అన్నీ కడిగి, పీట మీద పేర్చి, పసుపూ కుంకుమా పెట్టి పూజ చేసేవారు. పూజలో పెట్టిన పనిముట్టును ఇక ఆవేళ ముట్టుకునేది లేదు, అది వాటి సెలవు. ఒకసారి ఊరి ప్రెసిడెంటుగారి వీధి తలుపు ఊడి పడితే కబురొచ్చినా నాన్న "రేపొస్తానండి" అన్నారు గానీ పీట మీంచి ఉలి తియ్యలేదు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, దసరా పూట చుట్టూ ఇన్ని ఆయుధాలు పెట్టుకుని ఊరుకుంటానా? (ఇళ్లల్లో చాకులకీ కత్తిపీటలకీ బొట్టుపెట్టి సరిపెట్టుకుంటారు, నా దగ్గర అచ్చమైన విల్లంబులున్నాయి!) పిన్ని ఇచ్చిన కుంకుమ పొట్లం పట్టుకుని పొద్దున్నే మెట్రో ఎక్కి, అందరికంటే ముందు వెళ్లి షట్టర్ తీశాను. ప్రతి వింటికీ బొట్టు. కొత్త బాణాలకు ఒక్కొక్కదానికీ ఓపిగ్గా బొట్టు. ఊపులో వేగం మిషనుకు కూడా, సరిగ్గా దాని అద్దం మీద, నిండుగా ఒక బొట్టు. అడుగు అర దగ్గరికొచ్చేసరికి కుంకుమ అయిపోయింది. ఈ ఇనపచువ్వలకు పూజలొకటా అనుకుని దూరం నుంచే ఒక నమస్కారం పడేశాను.

అగరుబత్తి ఇంకా కాలుతుండగానే ముదీర్ ఫోను. "బాబా రేపు కాదు, ఇవాళే వస్తున్నాడు. నేను దారిలో ఉన్నాను. యల్లా, యల్లా, అంతా రెడీ చెయ్!"

వెంటనే పిన్నికి ఫోన్ చేశాను. ఆవిడ ఎవరింట్లోనో పోపు వేస్తున్నట్టుంది, చిటపటలు వినబడుతున్నాయి.

"పూజ చేసేసేవా అన్నిటికీ?"

"చేసేశాను పిన్నీ."

"హారతి కూడా ఇచ్చేసేవా?"

"ఇచ్చేశాను."

"చచ్చేం ఫో! మరింకేం ముట్టుకుంటావే? మీ నాన్నకి తెలిస్తే నన్నంటాడు."

"తుడిచేసి వాడితేనో?"

"తుడిచేస్తే పూజ పోద్దంటే? బాగానే ఉంది సంబడం! పెట్టడం నీ ఇష్టం, తుడవడం నీ ఇష్టం, మధ్యలో అమ్మవారెందుకంటా?"

"ఉద్యోగం పోతుంది పిన్నీ!" అన్నాను ఏడుపు గొంతుతో.

చిటపటలు ఆగాయి. స్టవ్వు కట్టేసినట్టుంది. "బొట్టు పెట్టనియ్యి ఏవీ లేవంటే ఆ కొట్లో?" అంది.

అలా అడుగు అరలోని సరియాలకు ఆ రోజు మోక్షం కలిగింది. దుమ్ము దులిపి ఒక గుప్పెడు బల్ల మీద పెట్టాను. ముదీర్ వచ్చీ రాగానే బొట్లు చూసి, "యే లాల్ లాల్ క్యా హై?" అన్నాడు. ఈ వేళ మాకు పండగ సర్ అన్నాను. అలంకారం అనుకున్నాడు కాబోలు, బాగుందన్నాడు. ఈలోగా డేగబాబా తన విల్లు తీసుకుని రానే వచ్చాడు. కప్పీలున్న విల్లు, లాగాలంటే నాలాంటివాళ్లు ఇద్దరు కావాలి. వెనక సందులో ఫోమ్ దిమ్మ ముందు ప్లైవుడ్ ముక్క కట్టాం, ఎముకకు బదులుగా. నేను ఆయన చేతికి బరువు బాణం అందించాను. ముదీర్ కళ్లు మాస్కు పైకి ఉబికి వచ్చాయి. మిషను ఆన్ చెయ్యమని సైగ చేశాడు. మిషను కూడా బొట్టు పెట్టుకుని కూర్చుంది కదా, నేను చూడనట్టు గోడవైపు తిరిగాను.

బాణం వెళ్లింది. నిజం చెప్పాలంటే మా కొత్త బాణాలంత చురుగ్గా వెళ్లలేదు, వెళ్తుండగా కంటికి కనబడింది కూడా. ముదీర్ నుదురు కొట్టుకున్నాడు. దిమ్మలోంచి ధబ్బుమని మొద్దు చప్పుడొచ్చింది. డేగబాబా నింపాదిగా నడుచుకుంటూ వెళ్లి చూశాడు. బాణం ప్లైవుడ్డును దాటి, దిమ్మలోకి ఈకల దాకా దిగిపోయింది. ఆయన గడ్డం నిమురుకుంటూ వంగి, బయట మిగిలిన ఈకల్ని వేలితో కొలిచి చూశాడు. తర్వాత, ఆ కొత్త తేలిక బాణం కూడా ఒకటి ఇవ్వు, పక్కపక్కన చూస్తానన్నాడు.

అదిగో, అక్కడ దొరికిపోయాను. "దే దో, దే దో!" అని ముదీర్ తొందర. ఇవ్వడానికి చెయ్యి చాపితే ఆ బొట్టు నన్నే చూస్తున్నట్టుంది. నాకు గేటు కనబడుతోంది, పీట మీద నాన్న ఉలీ కనబడుతోంది. ఎలా వచ్చిందో తెలియదు, "ఇవాళ వద్దు సర్," అనేశాను. అన్నాక ఇక ఆగలేక, వచ్చీరాని హిందీలో మొత్తం చెప్పేశాను. మా నాన్న వడ్రంగి, ఇవాళ పనిముట్లకు పండగ, పొద్దున పూజ చేశాను, పూజ చేసినవి ఇవాళ పని చెయ్యవు, రేపు ఎన్నిసార్లు వేసినా సరే అని. ముదీర్ గొంతు తగ్గించి "ఖలాస్" అన్నాడు. అది నాతోనో, తనతోనో, దేవుడితోనో తెలియలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మాస్కు ఉండబట్టి ముక్కు ఎగబీల్చడం ఎవరూ చూడలేదు.

డేగబాబా ఆ బాణం మీది బొట్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "మా ఇంట్లో డేగ ఈకలు రాల్చే కాలంలో ఎండాకాలమంతా పని చెయ్యదు. ఎంత పెద్ద షేకు వచ్చి అడిగినా దాన్ని ఎగరెయ్యం. నీ బాణాలు ఒక్క రోజే కదా అడుగుతున్నాయి," అని విల్లు సంచిలో పెట్టుకుని, రేపొస్తానని వెళ్లిపోయాడు. వస్తాడన్న ఆశ మా ఇద్దరిలో ఎవరికీ లేదు. ఆ రోజంతా ముదీర్ టీ చల్లారాకే తాగాడు, అది చూసి నాకు ఇంకా భయమేసింది.

కానీ ఆయన వచ్చాడు. పూజ అయిన మర్నాడు గనక మిషను అద్దం తుడిచి, కొత్త బాణం చేతికిచ్చాను. రివ్వుమంది. ఇంతలావు అంకె వెలిగింది. "దేఖా?" అని ముదీర్ మురిసిపోయాడు. వెళ్లి చూస్తే బాణం ప్లైవుడ్డును పొడిచి, దిమ్మలోకి కాస్త దిగి, సగానికి పైగా బయటే ఉండి ఊగుతోంది. మళ్లీ వేసినా అంతే. మళ్లీ బరువుది వేస్తే ఈకల దాకా. డేగబాబా తన మాటల్లో చెప్పాడు: తేలికది తన తొందరంతా గుమ్మం దగ్గరే ఖర్చు చేసుకుంటుంది, బరువుది నెమ్మదిగా వచ్చినా దాన్ని గుమ్మం ఆపలేదు. అప్పుడు నాకు మా ఊరి సైకిళ్లు గుర్తొచ్చాయి. ఉత్త సైకిలు ఎంత జోరుగా వచ్చినా చేత్తో పట్టుకుని ఆపేస్తాం. వడ్లబస్తా వేసుకుని నింపాదిగా దొర్లుతూ వచ్చేదాన్ని ఆపబోతే మనమే పడతాం. ఇన్నాళ్లూ దుకాణంలో నిలబడి నేను చేసిన ప్రసంగాలన్నీ గుర్తొచ్చి, పక్కనే ఉన్న విల్లు వెనక దాక్కోవాలనిపించింది.

అసలు వినోదం ఆ తర్వాత. డేగబాబా సరియాలే కావాలని, అందరికీ సరిపడా తెప్పించమని ముదీర్‌కు చెప్పి, నా వైపు చూపిస్తూ అన్నాడు: "ఈ అమ్మాయికి పని తెలుసు. నిన్న కావాలనే మిషను పెట్టలేదు, అంకె చూస్తే నా బుద్ధి అటు పోతుందని. ముందు లోతు చూపించింది. ఏ దుకాణంలోనూ నాకు ఇలా ఎవరూ చెప్పలేదు." ముదీర్ నన్ను కొత్తగా చూశాడు. నేనేం చేశానంటారా? బహు గంభీరంగా తలూపాను. ఆ తలూపడానికే నా వీసా వచ్చిందని ఈనాటికీ నా నమ్మకం. తేలిక బాణాలు కూడా వృథా పోలేదు, గురి చూసి అట్ట మీద కొట్టేవాళ్లకు అవే నప్పుతాయి గనక మెల్లగా అమ్ముడుపోయాయి.

ఇప్పుడు నేను అదే దుకాణంలో సూపర్‌వైజర్ని. ఏ వింటికి ఎంత బరువు బాణం, ఎంత వేగం, ఎక్కడ దిగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. అంతకంటే పెద్ద విద్య ఇంకోటి అబ్బింది: ముదీర్ మాట పూర్తయ్యేలోపే "ఓకే సర్" అనడం. మొన్న నా సెలవు రోజున రమ్మంటే, పిన్నిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని తెలిసి కూడా "ఓకే సర్" అనేశాను. పిన్ని ఒక్కతే టాక్సీలో వెళ్లొచ్చింది. రాత్రి అన్నం దగ్గర ఆవిడ నిష్ఠూరమేమీ ఆడలేదు, నవ్వుతూనే అడిగింది: "ఒసేయ్, వీసా లేనప్పుడు అంత పెద్దాయన మొహం మీద ఇవాళ వద్దన్నావు. వీసా వచ్చాకేమైందే నీకు?"

నేనూ నవ్వేశాను. ఆ మాస్కు వెనక ముక్కు ఎగబీలుస్తూ నిలబడ్డ పిల్ల ఎక్కడుందో గానీ, ఉంటే దాన్నే ట్రయల్ లేకుండా పన్లో పెట్టుకునేదాన్ని.