పెనం మీద కాల్చిన జున్ను

మా బావగారు పోయాక అక్క మా దగ్గరికి వచ్చింది. అక్క అంటే నా తోడబుట్టినది కాదు. మా ఆయన అన్నగారి భార్య, నాకు తోటికోడలు. పెళ్లయిన నాటి నుంచి నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. వాళ్లకు పిల్లలు లేరు. కాస్త చెలక భూమి, మూడు బర్రెలు, రేకుల ఇల్లు, అంతే వాళ్ల సంసారం. బావ జబ్బుపడి దవాఖానల చుట్టూ తిరగడం మొదలయ్యాక చూసుకునే దిక్కులేక బర్రెలను ఒక్కొక్కటిగా అమ్మేశారు. ఆయన పోయిన నెలకు మా ఆయన ఊరికి వెళ్లి, తాళం వేయించి, వదినెను వెంటబెట్టుకొచ్చాడు.

మేముండేది నాంపల్లి స్టేషను వెనక, రెండు గదుల కిరాయి ఇంట్లో. నేను అబిడ్స్‌లో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతాను. మేమిద్దరం పొద్దున వెళ్లిపోతే అక్క సాయంత్రం దాకా ఒక్కతే ఉండేది. ఇంటి పనంతా చేసి పెట్టేది. తినడం మాత్రం రెండు ముద్దలు. పాలు, పెరుగు అసలు ముట్టదు. చాయ్ కూడా పాలు లేకుండానే తాగేది. "నోటికి రుచి తెలుస్తలేదు చెల్లె" అనేది, ఏం వండినా. ప్యాకెట్ పాలు నచ్చక అలా చేస్తోందని అనుకున్నాం. బావ మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేది. ఏడ్చేది కాదు. ఏడాది గడిచింది, మేం చూస్తుండగా ఒక్కసారి కూడా ఏడవలేదు. నాకు అదే భయంగా ఉండేది.

ఒక శనివారం బడి ఒంటిపూటే అయ్యింది. ఇంటికి వెళ్తూ పన్నీరు కొందామని అబిడ్స్ సందులో ఒక దుకాణం ముందు ఆగాను. వెన్న, చీజ్, ఐస్‌క్రీమ్ లాంటివి అమ్ముతారు అక్కడ. దుకాణం నడిపే పెద్దాయనది సుల్తాన్ బజార్‌లో తాతలనాటి కుటుంబం. నేను బాగా ఎరిగిన మనిషి.

"పన్నీర్ ఖతమైంది మేడమ్. గిది తీస్కపోండ్రి" అని ఫ్రిజ్‌లోంచి ఒక బిళ్ల తీసి చూపించాడు. అరచేతి వెడల్పున, బొటనవేలు మందాన ఉంది. తెల్లగా ఉండి పైన అక్కడక్కడా నల్లగా మాడిన మచ్చలు.

"ఇదేంటి, రొట్టెనా?"

"చీజ్ మేడమ్. ఫిన్లాండ్ దేశంల చేసే తీరు. శంషాబాద్ అవతల ఒకామె ఆవుల్ని పెట్టుకొని చేస్తున్నది. పాలు విరగ్గొట్టి, బిళ్ల చేసి, నిప్పుల సెగకు కాలుస్తరట. గందుకే గీ మచ్చలు. పెనం మీద వెయ్యుండ్రి, కరగదు. తింటుంటే పండ్ల కింద కీచుకీచుమంటది" అని నవ్వాడు. "ఆ దేశపోళ్లు పండ్ల జామ్‌తోని తింటరట. కాఫీల ముక్కలేసుకొని గుడ తింటరట."

కొత్తది కదా అని తీసుకున్నాను. అంతకు మించి నాకు ఏ ఆలోచనా లేదు.

సాయంత్రం పెనం పెట్టి ఆ బిళ్లను నాలుగు ముక్కలు చేసి వేశాను. నూనె వేయలేదు. కాసేపటికి అంచుల వెంట దానిలోని వెన్నే బయటికి వచ్చి సన్నగా చిటపటలాడింది. వంటింట్లో కాగిన పాల వాసన, కాల్చిన రొట్టె వాసన కలిసి వచ్చాయి. పెద్దాయన చెప్పినట్టు కరగలేదు. లోపల మెత్తబడి, పైన ఎర్రగా కాలింది. ఇంట్లో జామ్ లేదు. బెల్లం తరిగి పైన చల్లాను. వేడికి బెల్లం కరిగి ముక్కల మీద పాకంలా పారింది.

ఒక పళ్లెంలో పెట్టి అక్కకు ఇచ్చాను. పాలతో చేసిందని చెప్పలేదు. చెబితే ముట్టదని తెలుసు.

"ఏం రొట్టె ఇది?" అంది.

"ఫిన్లాండ్ రొట్టె అక్కా. జర తిని చూడు."

ఆమె చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. రెండోసారి నమిలేటప్పుడు ఆగిపోయింది. నోట్లో ముక్కను అలాగే ఉంచుకుని నా వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పళ్లెం కింద పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది.

"జున్ను గదనే ఇది" అంది.

తర్వాత ఏడ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. మా ఆయన గుమ్మం దాకా వచ్చి, చూసి, బయటికి వెళ్లిపోయాడు. నేను పక్కన కూర్చున్నాను. ఏం జరిగిందో అప్పుడు చెప్పింది.

ఆఖరున అమ్మిన బర్రె చూడిది. బావ స్నేహితుడే కొనుక్కున్నాడు, రెండిళ్ల అవతల మనిషి. బావ మంచం పట్టిన రోజుల్లోనే అది ఈనింది. మర్నాడు పొద్దున ఆ స్నేహితుడు చెంబు నిండా జున్నుపాలు తెచ్చి గడప దగ్గర పెట్టి వెళ్లాడు.

"చెంబు జూడంగనే నా పానమంత మండింది చెల్లె. చేతులార సాదుకున్న బర్రె. దాని మొదటి పాలు ఇంకొకల ఇంట్లకెల్లి నాకు బిచ్చం లెక్క వచ్చినయి అనిపించింది. తీస్కపోయి పెంట కుప్పల పారబోసిన."

బావకు జున్నంటే ప్రాణం. బర్రె ఈనిందని ఎవరో అనుకుంటుంటే విన్నాడు. మధ్యాహ్నం అడిగాడట, "జున్ను వండలేదా?" అని.

"పాలు పంపలే వాళ్లు అన్న. అబద్ధమాడిన. 'గట్ల మరిచేటోడు గాదే' అన్నడు. గంతే. ఆ పక్కకు తిరిగి పండుకున్నడు. మల్ల అడగలే. పన్నెండు దినాలకు పోయిండు. దోస్తు మరిచిపోయిండు అనుకుంటనే పోయిండు. ఆ దోస్తే పాడె మోసిండు చెల్లె. నేను చూసుకుంట నిలబడ్డ."

నీ తప్పు కాదక్కా అనబోయి ఆగిపోయాను. ఆ మాట ఆమెకు అక్కర్లేదని అనిపించింది. చేయి పట్టుకుని కూర్చున్నాను. కళ్లు తుడుచుకుని ఆమే అంది, "పెత్తరమాసకు గిది మల్ల దొరుకుతదా?"

పెత్తరమాస, అంటే భాద్రపద అమావాస్య నాడు పోయినవాళ్లకు బియ్యం ఇచ్చి, వాళ్లకు ఇష్టమైనవి వండి పెడతాం. ఏడాది నిండలేదని బావకు కిందటి సంవత్సరం పెట్టలేదు. ఇదే మొదటిసారి.

"అసలైన జున్నుపాలే వెతుకుదాం అక్కా" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "ఆ పాలు నా చేతులతోని పారబోసిన. మల్ల ఏం మొకం పెట్టుకొని వండుత? గిది చాలు" అంది.

పండగకు వారం ముందు దుకాణానికి వెళ్లాను. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ఎక్కువమంది కొనకపోవడంతో తెప్పించడం మానేశాడట. ఎందుకు కావాలో చెప్పాను. "ఒక మాట చెప్తా మేడమ్. చేసే ఆమె చెప్పింది నాకు. ఆ దేశంల పూర్వం దీన్ని ఆవు ఈనినంక వచ్చే మొదటి పాలతోనే చేసేటోళ్లంట" అన్నాడు. జున్ను గదనే అన్న అక్క మాట గుర్తొచ్చింది. "ఫికర్ చెయ్యకుండ్రి, ఒక్క బిళ్లయినా తెప్పిస్త" అని నా ముందే ఆమెకు ఫోను చేశాడు.

అమావాస్య నాడు పొద్దున్నే గుడి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చాం. ఇంట్లో బావ ఫొటో ముందు విస్తరి వేసి అన్నం, పప్పు, గారెలు, పాయసం పెట్టాం. పెద్దాయన తెప్పించిన చీజ్ మాత్రం అక్కే పెనం మీద కాల్చింది. బెల్లం తరిగి చల్లింది. విస్తరి మధ్యలో పెట్టి చాలాసేపు దండం పెట్టుకుంది. పెదవులు కదిలాయి. ఏమందో వినపడలేదు.

లేచి, "ఆ దోస్తుకు ఫోన్ కలుపు చెల్లె" అంది.

కలిపి స్పీకరు పెట్టి ఇచ్చాను. అక్క నేరుగా చెప్పేసింది. నువ్వు పంపిన పాలు పారబోశాను, పంపలేదని ఆయనతో అబద్ధమాడాను, నన్ను మన్నించు అని.

"వదినె" అన్నాడు అవతలి నుంచి. "ఆ తెల్లారి అన్నను చూడనీకి వచ్చిన యాదికుందా? నువ్వు నీళ్లకు పోయినవు. జున్నుపాలు ముట్టినయా అన్నా అని అడిగిన. ముట్టినయి తమ్మీ, జున్ను మంచిగుండె అన్నడు. గిన్నె నిండ తిన్న అన్నడు."

అక్క ఫోను నా చేతికి ఇచ్చి నేల మీద కూర్చుండిపోయింది.

ఆ రోజు మేం ముగ్గురం ఆ విస్తరి ముందే కూర్చుని తిన్నాం. అక్కే వడ్డించింది. బావకు పెట్టిన ముక్కను మూడు భాగాలు చేసి మాకు తలా ఒకటి ఇచ్చి, తను ఒకటి తీసుకుంది. తిన్నంతసేపూ ఆమె కళ్లు తుడుచుకుంటూనే ఉంది, కానీ తన భాగం పూర్తిగా తింది. తర్వాత అన్నంలో పెరుగు కలుపుకుంది.

గిన్నెలు కడుగుతున్నప్పుడు నన్ను అడిగింది.

"ఆయనకు ఎరుకైందంటవా చెల్లె? నేను పారబోసిన సంగతి?"

ఆలోచించాను. చెంబు గడప దగ్గర పెట్టడం మంచం మీంచి చూశాడేమో. లేదా అక్క చూడకముందే పాలు ఒలికిపోయాయనుకుని, స్నేహితుడు చిన్నబుచ్చుకుంటాడని తిన్నానని చెప్పాడేమో. రెండింటిలో ఏది ఆమెకు ఊరటో నాకు తెలియలేదు.

"ఎరుకైంది అక్కా" అన్నాను. "ఎరుకయ్యే, నీ మీద మాట రావద్దని గట్ల చెప్పిండు."

అక్క ఔనని తలూపింది. నమ్మిందో లేదో తెలియదు. కడిగిన పెనాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచి, గోడకు ఆనించి పెట్టింది.