చివరి లైనులో తెల్ల తువ్వాలు

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. నా నేస్తం సింహాచలం పోయింది అన్నారు.

నమ్మలేదు. మొన్న సాయంత్రమే నేను పెట్టిన టీలో పంచదార లేదని తిట్టి వెళ్ళింది. అంత గట్టిగా తిట్టిన మనిషి ఎలా పోతుంది?

నాకు చదువు రాదు. నేను చెబుతున్నాను, మనవరాలు టైప్ చేస్తోంది. ఒక్క మాట మార్చొద్దన్నాను.

దాని మేనల్లుడు వాట్సాప్‌లో చావు నోటీసు పెట్టాడు. ఫోటో కింద "రిటైర్డ్ ఎస్టేట్ వర్కర్" అని ఉందట.

ఒళ్ళు మండింది. ఇక్కడ మలేషియా ఎస్టేట్లలో రబ్బరు పాలు మేమందరం తీశాం. పాడింది అదొక్కతే.

నాటకం ట్రూపుతో లారీ ఎక్కి బంటింగ్, బటాంగ్ బెర్జుంటై, సుంగై సిపుట్... ఎస్టేట్ ఎస్టేట్ తిరిగాం. మోకాళ్ళు లారీ ఎక్కనిచ్చినంత కాలం పాడింది.

అది స్టేజి మీద రాణి. నేను కూలీల ఇళ్ళ వరుసల్లో చివరి లైను దగ్గర తెల్ల తువ్వాలుతో నిలబడాలి. పాట నాదాకా వినపడితే తువ్వాలు ఎత్తాలి. అదే నా డ్యూటీ.

"బాలింతలు, జొరమొచ్చినోళ్ళు స్టేజీ కాడికి రాలేరు గదే. ఆళ్ళకీ ఇనపడాల" అనేది.

బంటింగ్‌లో కమిటీవాళ్ళు కొత్త మైకు తెచ్చి ముందు పెట్టారు.

"నా గొంతేటి కుంటిదా, కర్ర ఇస్తన్నారు?" అంది. తీసేశారు.

సుంగై సిపుట్‌లో ఒకసారి వాన. రేకుల మీద ఆ చప్పుడుకి నాకేమీ వినపడలేదు. తువ్వాలు ఎత్తలేదు.

సింహాచలం పాట ఆపకుండానే స్టేజి దిగి, బురదలో నా వైపు నడిచొచ్చేసింది. వెనక కిరీటం పట్టుకుని రాజు. ఆయన వెనక గొడుగులతో జనం.

"ఓలే పైడీ, ఇప్పుడినపడిందేటే?"

ఎత్తాను.

మిగతా నాటకం అక్కడే, ఎవరిదో వసారాలో అయింది. తలుపు సందులోంచి ఒక బాలింత నవ్వుతూ చూసింది.

రికార్డు లేదు, రేడియో లేదు. దానికి ఆ దిగులూ లేదు. నిండుగా బతికింది. అందుకే నేను ఏడవడం లేదు.

కానీ ఆ నోటీసు? నిన్ననే వెళ్ళి మేనల్లుడిని నిలదీశాను.

"మార్చరా."

"అందరికీ పంపించేసినాను, పైడత్తా. ఇప్పుడేటి సేసేది?"

"అయితే నోటితో సెప్పు. రేపు అందరి ముందర, మైకు లేకుండా. శ్మశానం గేటు దాకా ఇనపడాల."

ఈ రోజు దహనానికి ముందు చెప్పాడు. గేటు వైపు తిరిగి అరిచాడు.

"మాయత్త సింహాచలమ్మ! పాటలు పాడింది! గాయని!"

గేటు దగ్గర నేను తువ్వాలు ఎత్తాను.

వినపడిందే, సింహాచలం. చివరి దాకా వినపడింది.

ఇంక స్టేజి దిగి హాయిగా పడుకో.