వెనకాల రాసేవాడు

మొన్న ఆదివారం మా ఆయన పీతలు తెచ్చి స్టీలు బకెట్లో వేసి, పైన పళ్లెం బోర్లించి స్నానానికి వెళ్లారు. నేను హాల్లో పేపరు చూస్తున్నాను. వంటింట్లోంచి గరగరమని చప్పుడు. ఆగింది. మళ్లీ గరగర. మూత కింద ఎవరో హడావుడిగా ఏదో రాసుకుంటున్నట్టుంది. పట్టపగలే నా ఒళ్లు జలదరించింది. పాతికేళ్ల కిందటి కంప్యూటర్లలో డిస్కులు సరిగ్గా ఇలాగే చప్పుడు చేసేవి. అది వింటే నాకు నూకరత్నం అక్క గుర్తుకొస్తుంది. మెషీన్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, లోపలి గరగర ఆగేదాకా కదలకుండా నిలబడేది.

తొంభైల చివర మల్కాపురం దగ్గర ఒక ఓడల మరమ్మతు యార్డులో నా మొదటి ఉద్యోగం. ఆనందపురం నుంచి రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని. అక్కడ కంప్యూటర్ గదికి పెద్ద నూకరత్నం అక్క. చేపల వేటకెళ్లే ఇంట పుట్టి, డిప్లొమా చదివి, ఆ మెషీన్లను సొంతంగా నేర్చుకున్న మనిషి. ఓడ అడుగున నీళ్ల ట్యాంకులుంటాయి. మనుషులు చిన్న కంతలోంచి వాటిలోకి దిగి తుప్పు గోకుతారు. ఎవరు దిగినా, ఎవరు పైకొచ్చినా గేటు మనిషి వాళ్ల నంబరు టైపు చేస్తాడు. పని పూర్తయ్యాక 'లోపల సున్నా' అని తెర మీద కనిపిస్తే మేము చీటీ ఇస్తాం. చీటీ చూసి మూత బిగించి, ట్యాంకులోకి నీళ్లు వదులుతారు.

చేరిన మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలకు వెళ్లిన వేళ, డిస్కు దీపం దానంతటదే వెలగడం మొదలుపెట్టింది. వెంటనే గరగర.

"ఎవరూ టైపు చెయ్యట్లేదు కదక్కా?" అన్నాను.

"ఆడే."

"ఎవడు?"

"ఎనకాలోడు. మనం సెప్పిందల్లా అప్పటికప్పుడు డిస్కు మీద రాయడే. సేతిలో ఎట్టుకుని కూకుంటాడు. ముప్పై సెకన్లకోపాలి లేసి రాత్తాడు. ఈలోపు కరెంటు పోతే ఆడి సేతిలోది గంగపాలే."

అది కంప్యూటర్ మూల ప్రోగ్రామైన కెర్నెల్ సొంతంగా నడుపుకునే పని. నడుస్తున్న పనుల జాబితాలో పేరు కనిపిస్తుంది గానీ మనమెవ్వరం మొదలుపెట్టింది కాదు. ఆ పనిని చంపి చూద్దామని మెషీన్‌కి ఆజ్ఞ ఇచ్చాను. చావలేదు. అక్క పకపకా నవ్వింది. నాకు మాత్రం ఆ రోజంతా వీపు వెనక ఎవరో ఉన్నట్టే అనిపించింది.

అక్కవాళ్ల ఊళ్లో ఒక ఆచారం ఉండేదట. పడవలు ఒడ్డుకు చేరగానే ఒక ముసలమ్మ ఇసుకలో నిలబడి, వేటకెళ్లిన ప్రతి మగవాడినీ పేరు పెట్టి పిలిచేదట. ఎవడి పేరుకు వాడే, వాడి గొంతుతోనే పలకాలి. "ఆడొచ్చీసినాడులే" అని పక్కవాడు చెబితే చెల్లదు. అక్క కూడా అంతే. చీటీ మీద సంతకం పెట్టేముందు కూలీల జాబితా తీసుకుని ట్యాంకు దగ్గరికి పోయి పేర్లు పిలిచేది. నాకు అది చాదస్తంలా తోచేది. కంప్యూటర్ ఉండగా కేకలెందుకని పోరి పోరి మాన్పించాను.

అంతటితో ఊరుకున్నానా? గేటు దగ్గర రద్దీ వేళ, డిస్కు రాసినప్పుడల్లా తెర బిగుసుకుపోయేది. జనం గోల పెట్టేవారు. ఎక్కడో చదివి, ముప్పై సెకన్లను పది నిమిషాలు చేశాను. అక్కకు చెప్పలేదు. తెర పరుగు తీసింది. మేనేజరు మెచ్చుకున్నారు. నేను నేల మీద నడవలేదంటే నమ్మండి.

వారం తిరిగింది. ఒక రోజు రెండు కావస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ కూడా చచ్చింది. మళ్లీ వచ్చాక మెషీన్ లేచి 'లోపల సున్నా' అంది. గేటు మనిషి డ్యూటీ దిగి వెళ్లిపోయాడు. అక్క స్టోర్స్‌లో ఉంది. సూపర్‌వైజర్ తొందర పెడితే చీటీ నేనే ఇచ్చేశాను. కాసేపటికి అక్క వచ్చి, మెషీన్ మీద చెయ్యి ఆనించి, చాలాసేపు విన్నది.

"ఈడేటే, ఇంత నెమ్మదిగా ఉన్నాడు? ఎంతసేపు ఎట్టినావు?"

"ముప్పయ్యే అక్కా," అన్నాను.

కిటికీలోంచి ట్యాంకు మూతకు బోల్టు బిగిస్తున్న చప్పుడు. అక్క నన్నే చూస్తోంది. ఉద్యోగం పోతుందని నేను తెర వైపు తిరిగాను. మరో బోల్టు. ఇంకోటి.

"పది నిమిషాలక్కా. నానే మార్సీనాను."

అక్క జాబితా లాక్కుని పరుగెత్తింది, వెనకే నేనూ. కూలీలందరినీ ట్యాంకు చుట్టూ నిలబెట్టి ఒక్కొక్క పేరే పిలిచింది. ఒక్కొక్క గొంతే పలికింది. "చిన్నారావు" అన్నప్పుడు ఎవరూ పలకలేదు. "కేంటీన్‌కి ఎల్లుంటాడు" అన్నాడెవరో. అక్క వినిపించుకోలేదు. రెండోసారి పిలిచింది. మూడోసారి ఇనుప రేకు మీద మోకరిల్లి, మూతకు నోరు ఆనించి పిలిచింది.

అడుగు నుంచి ఠంగ్ మని ఒక్క దెబ్బ వినిపించింది.

భోజనానికి పైకొచ్చిన చిన్నారావు, మరిచిపోయిన టార్చి కోసం మళ్లీ దిగాడు. గేటు మనిషి టైపు చేశాడు కూడా. ఆ అంకె రాసేవాడి చేతిలో ఉండగానే కరెంటు పోయింది. లోపల గాలాడక అతను పడిపోయాడు. పైకి తీశాక నీళ్లు తాగి, ఒకటే అడిగాడు.

"అవతలేపు రేకు మీద గరగరా గీకినోలెవులు? ఆ సప్పుడికే నాను తెలివి తప్పకుండా ఉన్నాను."

రేకు అవతల ఉన్నది సముద్రం నీళ్లే. అక్క తన అరచెయ్యి వైపు చూసుకుంది.

అక్క నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యనివ్వలేదు. జరిగిందంతా కంప్యూటర్ గది రికార్డు పుస్తకంలో నా చేత్తో రాయించి సంతకం పెట్టించింది. ఆనాటి నుంచి పేర్లు పిలిచే పని నాది. "నీ గొంతు అరిగిపోవాల," అంది. అబద్ధం సంగతి ఆ తరువాత ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. అక్క పోయి ఏడేళ్లు. ఇప్పుడు నేను చూసుకునే మెషీన్లు అసలు చప్పుడే చెయ్యవు. అయినా ఆపేముందు వాటి మీద చెయ్యి ఆనించకుండా ఉండలేను. ఆఫీసులో కుర్ర పిల్లలు నవ్వుతారు, నవ్వనీ.

ఆ మూతకు పన్నెండు బోల్టులు. మేము చేరేసరికి తొమ్మిది బిగించేశారు. వాటిలో మూడు, నేను 'ముప్పయ్యే' అన్నాక బిగిసినవి.

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. మా ఆయన ఇంకా స్నానాల గదిలోనే ఉన్నారు. నేను లేచి వెళ్లి, బకెట్ మీది పళ్లెం తీసి, లోపల ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకున్నాను.