అయిదో కంచంలో ఎర్రమన్ను

“ఇది నువ్వే కలిపినావు మామ్మా! నాకు తెలుసు.”

“నాను కలిపినానా? చిటికెడు పసుపు పారబొయ్యడానికే నాకు సెయ్యి రాదు. నీ కంచంలో మన్ను పోత్తానేటే?”

“మరి నాలుగు కంచాల్లో నల్లగా పడి, తాత కంచంలో ఒక్కదాన్లోనే ఎర్రగా ఎలాగ పడతాది? లెక్కలు పుట్టించినావంటన్నాడు మా సారు!”

“అననీ. పుట్టించలేదు కదా?”

“ఆయన సంతకం పెట్టకపోతే నా ఎమ్మెస్సీ పోతాది మామ్మా!”

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మూడో తరగతితో బడి మానేసినదాన్నే కానీ, తాయెత్తు కట్టించిన మనిషిని కాను. పిల్లలు జడుసుకుంటే ఒక చీవాటు వేసేదాన్ని, అంతే. అందుకే ఇది జరిగింది జరిగినట్టు చెబుతాను.

తొంభైల చివర్లో నా మనవరాలు సుజాత పర్యావరణం మీద ఎమ్మెస్సీ చదివేది. హార్బరు పక్కనే వన్ టౌన్‌లో మా డాబా మీద వారానికి ఎంత ధూళి పడుతుందో చూడడం దాని ప్రాజెక్టు. అయిదు కంచాలు కావాలంది. కొత్తవి కొననివ్వలేదు. పాతవి నాలుగిచ్చాను. అయిదోది మా ఆయనది. అంచున ఆయన పేరు చెక్కించి ఉంటుంది. మనిషి పోయి అప్పటికి తొమ్మిదేళ్లయినా మంచి స్టీలు కంచం, పారేస్తామా?

ఆయన హార్బరులో ఓడల్లోకి ఇనప ఖనిజం ఎత్తే పని చేసేవాడు. ఇంటికొచ్చేసరికి చెవుల్లో, కనురెప్పల మీద ఎర్రమన్ను ఉండేది. చివరి రెండేళ్లు దగ్గి తుడుచుకున్న గుడ్డ కూడా ఎర్రగానే ఉండేది.

కంచాలు జానెడేసి దూరంలో వరసగా పెట్టింది సుజాత. మొదటి వారం నాలుగింటిలో బొగ్గు నుసి పడింది. ఆయన కంచంలో ఎర్రగా పడింది. చింతపండు వేసి తోమాను. రెండో వారం ఆ కంచాన్ని వరసలో ఈ చివరి నుంచి ఆ చివరికి మార్చింది. ఎరుపు కూడా దాంతోపాటే అటు వెళ్లింది. కాలేజీలో చూస్తే ఇనప ఖనిజమేనన్నారు. గాలి ఒక్క కంచాన్ని ఏరుకోదన్నాడు సారు.

అప్పుడే ఆ గొడవ. మర్నాడు సుజాత కళ్లెదుటే అయిదూ కడిగి, తుడిచి, పెట్టాను. కాఫీ వేళ నుంచి దీపాల వేళ దాకా గొడుగేసుకుని అక్కడే కూచున్నాను. అన్నానికి కూడా దిగలేదు. మనిషి రాలేదు. కాకి వాలలేదు. దగ్గు లాంటిదేదీ వినపడలేదు, ఆ మాట కూడా చెప్పాలి. సాయంత్రానికి నాలుగు కంచాల మీద పల్చగా నలుపు. అయిదోదాని మీద ఎరుపు.

సుజాత కిందికి దిగింది. తాత ఏ పని చేసేవాడో సారుకు చూపిస్తానని పెట్టె తెరిచి పాత కాగితాలు తీసింది. ఆస్పత్రి కాగితం ఒకటి చాలాసేపు చదివింది.

“తాత చుట్ట కాల్చీవోడా?”

“జన్మలో ముట్టలేదు.”

“మరి చుట్ట వల్లే ఊపిరితిత్తులు పోయాయని ఉందిక్కడ.”

చుట్ట నాది. మా వైపు ఆడవాళ్లలాగే నేనూ నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చేదాన్ని. ఇంట్లో చుట్ట ఉందా అని ఆ కాగితం రాసిన రోజు డాక్టరు అడిగితే, ఉందన్నాను. ఎవరిదని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఏం రాశాడో చూడకుండా, వచ్చిన నాలుగక్షరాలతో కింద సంతకం పెట్టాను.

“అయిదో కంచం లెక్క తియ్యను మామ్మా. ఉన్నదున్నట్టు రాత్తాను,” అంది సుజాత.

“తీసీయే. సచ్చిపోయినోడికి కాయితం ఏటికే? బతికున్నదానివి, నీకు కావాల.”

అది ఏడ్చింది. నేను ఊరుకోబెట్టలేదు. పక్కన కూచుని, లెక్కల కాగితంలో ఆ కంచం గడి కొట్టేసే దాకా లేవలేదు.

ఆ మన్ను ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఈనాటికీ తెలీదు. తర్వాత చదువుకున్నవాళ్లని అడిగితే, ఎవరో కలిపుంటారన్నారు. కలిపింది ఎవరూ లేరు. నేను చూశాను.

మర్నాడు పొద్దున్న సుజాత నాలుగు కంచాల లెక్క పట్టుకుని కాలేజీకి వెళ్లింది. సారు సంతకం పెట్టాడు. నేను అయిదో కంచం కుళాయి దగ్గర కడిగి బోర్లించాను. నీళ్లు తేటగా పోయేసరికి, ఆ ఒక్క కంచానికీ రెండు బిందెలు పట్టాయి.