సార్జెంట్ ప్యాంటు కత్తిరించిన రోజు

అమెరికాలో మేముండే ప్లేనో ఊళ్ళో ఎప్పుడైనా కాస్త మంచు పడితే చాలు, స్కూళ్ళు మూసేస్తారు, జనం పాల కోసం షాపులకి పరిగెడతారు. నేను మాత్రం గరాజ్ తలుపు ఎత్తి కుర్చీ వేసుకుని కూర్చుంటాను. చప్పుడు లేకుండా రాలే ఆ తెల్లదనంలో ఎదురింటి కార్లు, కంచెలు మెల్లగా మాయమై, ఆ అఫ్గాన్ కొండ కళ్ళ ముందుకొస్తుంది.

మాస్టర్స్ చదవడానికొచ్చి అమెరికా సైన్యంలో చేరినవాణ్ణి. "ఐటీ ఉద్యోగాలకేమైనా కరువొచ్చిందట్రా?" అని మా బాబాయి ఇప్పటికీ దెప్పుతాడు. అక్కడ నా పని వైద్యం, అందరూ 'డాక్' అని పిలిచేవాళ్ళు. గాయపడ్డవాళ్ళకి కట్లు కట్టి, హెలికాప్టర్ వచ్చేదాకా ప్రాణం నిలబెట్టాలి.

అఫ్గాన్ కొండల్లో ఆ మధ్యాహ్నం మంచు దట్టంగా కమ్మేసింది. తూటాలు ఎటునుంచి వస్తున్నాయో తెలియడం లేదు. మా సార్జెంట్ ఒక బండకి ఆనుకుని, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ, ఎటు పాకాలో, ఎటు కాల్చాలో చెబుతున్నాడు. ఆ గొంతు వింటుంటే ఎవరికీ ఏమీ కాదనిపించేది. ఆయన కాలి కింద మంచు ఎర్రబడటం చూసి దగ్గరికెళ్ళాను.

"నాకేం లేదు డాక్, గీసుకుందంతే. ముందు వాడి చెయ్యి చూడు," అంటూ పక్కనున్న సైనికుణ్ణి చూపించాడు.

సరేనని కదిలాను. పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పకూడదని ఉగ్గుపాలతో నేర్చుకున్నవాణ్ణి కదా! సైన్యం నేర్పింది వేరు. గాయం దగ్గర హోదా చెల్లదు, కట్టు కట్టేవాడిదే ఆఖరి మాట. తల తిప్పి చూస్తే ఆ ఎరుపు ఇంకా పెరిగింది. నాకు ఒళ్ళు మండింది. "నోరు మూసుకుని పడుండండి!" అని అరిచి, ఆయన ప్యాంటు నిలువునా కత్తిరించేశాను. తొడలోంచి రక్తం ఉబుకుతోంది. గాయానికి పైన పట్టీ వేసి, ఆగేదాకా మెలిపెట్టి బిగించాను. ఆ తర్వాతే రెండోవాడి చెయ్యి చూశాను.

ఆయన వెల్లకిలా పడుకుని, కనురెప్పల మీద మంచు రాలుతున్నా, మావాళ్ళని నడిపిస్తూనే ఉన్నాడు. కాల్పులు ఆగాయి. హెలికాప్టర్ వచ్చాక కూడా, అందరూ ఉన్నారని చూసుకున్నాకే తనని ఎక్కించనిచ్చాడు.

నేనూ ఎక్కాక, లోపల నా కాలర్ పట్టుకుని చెవి దగ్గరికి లాక్కున్నాడు. "భయంగా ఉంది డాక్. చెయ్యి వదలకు. వాళ్ళకి తెలియనివ్వకు."

వదల్లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన బతికాడు. మావాళ్ళు కలిసినప్పుడల్లా, సార్జెంట్‌కి భయమంటే ఏంటో తెలియదంటారు. నేను అవునని తలూపుతాను.